ఇద్దరి తిండి

ఈ వారం రెండు ఉత్తరాలు ఒకే రోజు టపాలో వచ్చాయి. ఒకటి విజయనగరం నుంచి. రెండోది పార్వతీపురానికి అవతల, కొండ దిగువనున్న ఒక పల్లె నుంచి. వ్రాసినవారు ఒకరినొకరు ఎరగరు. కాని రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే ప్రశ్నను చెరోవైపు నిలబడి అడిగినట్టుంది.

విజయనగరం సోదరి ఇలా వ్రాసింది: “నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఎత్తు అయిదడుగులు. కడుపుతో ఉండకముందు 58 కిలోలుండేదాన్ని. నెల తప్పిందని తెలిసిన నాటినుంచి మా అమ్మా, మా అత్తగారూ పోటీలుపడి తినిపించారు. ఇద్దరి తిండి తినాలన్నారు. మెట్లెక్కనివ్వలేదు, చీపురు ముట్టుకోనివ్వలేదు. నెలలు నిండేసరికి 77 కిలోలయ్యాను. ఆరోనెలలో సుగరుందన్నారు. ఆపరేషను చేసి బాబును తీశారు. దాదాపు నాలుగు కిలోలున్నాడని అందరూ మురిసిపోయారు. పురుడు వెళ్ళాక నా సుగరు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ మరచిపోయాను. బాబుకిప్పుడు పదో నెల. నేను 71 కిలోలున్నాను. ఎప్పుడూ అలసటగా ఉంటుంది. మా ఆడబడుచు ‘వదినా, కడుపులో ఇంకో మేనల్లుడు ఉండిపోయాడేమో చూసుకో’ అని వేళాకోళం చేస్తుంది. తిండి మానేస్తే పాలు తగ్గుతాయని భయం. మానకపోతే ఇలాగే ఉండిపోతానని భయం. ఏం చెయ్యను?”

రెండో ఉత్తరం ఒక పంతులమ్మగారిది: “మా బడి పక్కింట్లో పందొమ్మిదేళ్ళ పిల్ల కడుపుతో ఉంది. ఏడోనెల. మొదట్లో 41 కిలోలుండేదట, ఇప్పుడు 44. వాళ్ళత్త పూటపూటకీ అన్నం తగ్గించి పెడుతోంది. అడిగితే ‘బిడ్డ బలిస్తే కానుపు కట్టమవుద్ది పంతులమ్మా, మేమందరం అలగే కన్నాం గదేటి’ అంటోంది. ఆవిడ గయ్యాళి కాదండీ. కోడలంటే ప్రాణం. అలాంటి మనిషికి ఏమని చెప్పను?”

చూశారా! ఒక ఇంట్లో ఎక్కువైంది, ఒక ఇంట్లో తక్కువైంది. రెండుచోట్లా పెట్టినదీ, తగ్గించినదీ ప్రేమతోనే. కోపంతో చేసిన తప్పును దిద్దటం తేలిక. ప్రేమతో చేసినదాన్ని దిద్దాలంటే మాట కాస్త జాగ్రత్తగా కదపాలి. ఆ ప్రయత్నమే ఈ వారం చేద్దాం.

ముందు ఆ “ఇద్దరి తిండి” మాట ఎక్కడిదో చూద్దాం. మా అమ్మమ్మది చీపురుపల్లి వైపు. కడుపుతో ఉన్న ఏ పిల్ల కనబడినా “ఇద్దరి తిండి తినవే” అని హెచ్చరించేది. ఆ రోజుల్లో ఆవిడ మాట నూటికి నూరుపాళ్ళూ సబబే. కోడలు తెల్లవారుజామున లేచి నీళ్ళు తోడాలి, వడ్లు దంచాలి, పిండి విసరాలి. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక కుండలో మిగిలిన అన్నమే ఆమెకు. పులుసు అడుగున ముక్కలుంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. అరతిండి తినే మనిషిని ఇద్దరి తిండి తినమంటే, చివరకు ఆమె తినేది ఒక మనిషి తిండి! అమ్మమ్మ లెక్క అది.

ఇప్పుడు రోలు గోడవారగా బోర్లించి ఉంది. నీళ్ళు పంపులో వస్తున్నాయి. పనులు పోయాయి, మాట మాత్రం మిగిలింది. పూర్తి తిండి తింటూ కూర్చున్న పిల్లకు ఇద్దరి తిండి పెడితే ఆ రెండోవాటా బిడ్డకు పోదు, తల్లి నడుముకు చేరుతుంది.

పంతులమ్మగారి పొరుగావిడ మాటకూ ఒకనాడు కారణం ఉండే ఉంటుంది. ఆస్పత్రి అందని పల్లెలో, మంత్రసాని చేతిలో, బిడ్డ అడ్డం తిరిగితే తల్లీబిడ్డా ఇద్దరూ పోయిన కాలం అది. చిన్నబిడ్డయితే సులువుగా వస్తుందని ఎవరైనా ఆశపడతారు. కాని తల్లి కడుపు మాడ్చితే బిడ్డ చిన్నది కావటమే కాదు, బలహీనంగానూ పుడుతుంది. నెలలు నిండకుండానే పుట్టే భయమూ ఉంది. తల్లికి రక్తం లేకపోతే కాన్పులో పోయే కాస్త రక్తానికే ప్రాణం మీదికి వస్తుంది. చిన్నబిడ్డతో సుఖప్రసవం అనుకున్నది చివరకు తల్లికే ముప్పవుతుంది.

మన రాష్ట్రంలో ఈ రెండురకాల ఇళ్ళూ ఉన్నాయని లెక్కలే చెబుతున్నాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. నూటికి 15 మంది ఉండవలసిన దానికన్నా తక్కువున్నారు. అంచేత అందరికీ ఒకే సలహా చెప్పటం కుదరదు. ఒకరికి మందయినది ఇంకొకరికి చేటు.

సరే, తొమ్మిది నెలల్లో పెరిగే బరువు ఎక్కడికి పోతుందో ఇంటి పద్దు వ్రాసుకున్నట్టు వ్రాసుకుందాం. మొత్తం 12 కిలోలు పెరిగిందనుకోండి. అందులో బిడ్డ సుమారు మూడు కిలోలు. మాయ, ఉమ్మనీరు కలిసి కిలోన్నర. గర్భసంచి ఒక కిలో. రొమ్ములు అరకిలో. తల్లి ఒంట్లో పెరిగే రక్తమూ, నీరూ మూడు కిలోలు. మిగిలిన మూడు కిలోలూ కొవ్వు. ఈ కొవ్వు వృథా కాదు. బిడ్డకు పాలివ్వటానికి ముందుచూపుతో శరీరం నింపుకున్న గాదె అది. ఇంటికి గాదె కావాలి. కాని అప్పటికే గాదె నిండి ఉన్నవాళ్ళు మళ్ళీ కొత్తగా నింపనక్కరలేదు కదా! అలాగే గాదె ఖాళీగా ఉన్న పిల్ల మామూలుకన్నా ఎక్కువ నింపుకోవాలి.

అంచేత ఎంత పెరగాలన్నది మొదట ఎంత ఉన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు సామాన్యమైన బరువున్న స్త్రీ 10 నుంచి 12 కిలోలు పెరిగితే బాగుంటుందంటారు. అమెరికా వైద్యనిపుణులు 2009లో ఇంకాస్త వివరంగా లెక్కవేశారు. అయిదడుగుల ఎత్తున్న స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. మొదట్లో 43 కిలోలకన్నా తక్కువుంటే ఆమె పన్నెండున్నర నుంచి 18 కిలోలదాకా పెరగవచ్చు. 43కీ 58కీ మధ్యనుంటే పదకొండున్నర నుంచి 16. 58 దాటితే 7 నుంచి పదకొండున్నర. 70 కూడా దాటి ఉంటే 5 నుంచి 9 చాలు. మన దేశపు వైద్యులు ఇంకొక హెచ్చరిక చేస్తారు. మన ఒళ్ళు సన్నగా కనిపించినా లోపల కొవ్వు దాచుకునే రకం కాబట్టి, అయిదడుగుల మనిషి 53 కిలోలు దాటినప్పటినుంచే మెలకువగా ఉండాలంటారు.

ఇప్పుడు మన ఉత్తరాలు మళ్ళీ తీయండి. విజయనగరం సోదరి పెరిగింది 19 కిలోలు. ఆమెకు పది, పదకొండు చాలు. పల్లెలోని పిల్ల పెరిగింది మూడు కిలోలు. ఏడోనెలకు ఆమె కనీసం అందుకు రెట్టింపు పెరిగి ఉండవలసింది. ఒకరి కంచంలోంచి రెండు ముద్దలు తీసి ఇంకొకరి కంచంలో వేసే వీలుంటే ఎంత బాగుండేది!

మొదటి మూడు నెలల్లో కిలో, రెండు కిలోలకన్నా పెరగరు. వేవిళ్ళు ఎక్కువగా ఉన్నవాళ్ళు కాస్త తగ్గుతారు కూడా. దానికి కంగారు పడనక్కరలేదు. ఆ తర్వాత సామాన్యమైన బరువున్నవాళ్ళు వారానికి దాదాపు 400 గ్రాములు, బరువెక్కువున్నవాళ్ళు 200 నుంచి 300 గ్రాములు పెరిగితే చాలు. ఇంట్లో బరువు చూసే యంత్రముంటే వారానికొకసారి, లేకపోతే ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా చూయించుకుని కేలండరు మీద వేసుకోండి. పాలపద్దు వేసుకుంటామే, అలాగే. ఉన్నట్టుండి ఒక వారంలో కిలోకు పైగా పెరిగి, మొహమూ చేతులూ ఉబ్బి, తలనొప్పో కళ్ళు మసకలో ఉంటే మాత్రం అది తిండి బరువు కాదు, రక్తపుపోటు కావచ్చు. వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

మరి ఇద్దరి తిండి కాకపోతే ఎంత తిండి? మామూలుగా తినేదానికి పైన రోజుకు 350 కేలరీలు. అంటే ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక అరటిపండు, ఒక చిన్న పల్లీ ఉండ. అంతే! గుడ్డు తినని ఇళ్ళలో ఒక కప్పు ముద్దపప్పు గాని, ఉడికించిన సెనగలు గాని కలుపుకోండి. రెండో కంచం అన్నం అక్కరలేదు, కంచంలో రకం మారాలి. మనం చాలామంది అన్నం కొండలా పెట్టుకుని దానిమీద ఆవకాయ వేసుకుంటాం. కూర నంజుడుకు వాడినట్టు వాడతాం. ఆ లెక్క తిరగెయ్యాలి. కంచంలో సగం కూరా ఆకుకూరా, పావు పప్పూ చేపా గుడ్డూ, పావు అన్నం.

మనవైపు కొనుక్కురానక్కరలేని మంచి వస్తువులెన్నో ఉన్నాయి. చోళ్ళు చూడండి. ఇతర జిల్లాలవారు రాగులంటారు. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంతే బియ్యంలో పదో పరకో. మన తాతలు పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి పోయేవారు. మనం కాస్త డబ్బు చేతిలో ఆడగానే దాన్ని బీదవాళ్ళ తిండి అని గెంటేశాం. ఇప్పుడు పట్నంలో అందమైన డబ్బాలో పెట్టి అమ్మితే నాలుగింతల ఖరీదుకు కొంటున్నాం! మునగాకు, తోటకూర, పొన్నగంటి కూర, నువ్వులు, ఉలవలు, సముద్రం దగ్గర ఉన్నవారికి చిన్నచేపలు. ఇవన్నీ కడుపుతో ఉన్న పిల్లకు అవసరమైనవే. చలిమిడి, సున్నుండలు, పూతరేకులు అసలు వద్దనను. పుట్టింటివారు ముచ్చటపడి తెచ్చిన చలిమిడి తినకుండా ఎలా ఉంటాం? ఒక ముద్ద తిని, మిగతాది పేరంటాళ్ళకు పంచండి. ఆచారం కూడా పంచమనే చెప్పింది.

ఇక రక్తం మాట. అదే సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. లావుగా ఉన్నవాళ్ళకు రక్తం ఉంటుందనుకోవద్దు. ఒళ్ళు నిండుగా ఉండి రక్తం లేనివాళ్ళు ఎందరో. నాలుగోనెల నుంచి కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు ఇనుము మాత్ర వేసుకోవాలి. ఆ మాత్రలోనే ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. దాని వెనక ఒక ముచ్చట ఉంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928 తర్వాత బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు రక్తం ఎందుకు క్షీణిస్తున్నదా అని పరిశోధించింది. ఈస్టునుంచి తీసిన ముద్ద పెడితే వాళ్ళు కోలుకోవటం చూసింది. అందులో ఉన్న వస్తువేమిటో ఆనాడు తెలియలేదు. తరువాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి 1945లో లోకానికి చెప్పిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాడు కనిపెట్టి ఇచ్చిన మాత్రను తెలుగు పిల్లలు గూట్లో దాచి పారేస్తే ఎలా? కడుపులో వికారంగా ఉంటే రాత్రి భోజనమయ్యాక వేసుకోండి. టీతో గాని, కాల్షియం మాత్రతో గాని కలిపి వేసుకోవద్దు. నిమ్మరసంతో వేసుకుంటే ఇంకా బాగా ఒంటబడుతుంది.

సుగరు సంగతి ఇంకా ముఖ్యం. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 గాని, అంతకు మించి గాని ఉంటే గర్భంనాటి సుగరు ఉన్నట్టు లెక్క. మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడే ఒకసారి, ఆరోనెలలో మళ్ళీ ఒకసారి చేయించుకోవాలి. మొదట లేదు కదా అని రెండోసారి మానరాదు. 2016 నుంచి ప్రభుత్వాస్పత్రుల్లో ప్రతినెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే ఏర్పాటుంది.

“మా వంశంలో సుగరు లేదండీ, పైగా నేను సన్నం” అనేవాళ్ళకు పుణె సంగతి చెప్పాలి. అక్కడ డాక్టరు యాజ్ఞిక్ గారూ వారి సహచరులూ 1993 నుంచి చుట్టుపక్కల పల్లెల్లోని గర్భిణులను, వాళ్ళ బిడ్డలను పరిశీలిస్తూ వచ్చారు. అక్కడి బిడ్డలు సగటున 2.7 కిలోలు. ఇంగ్లండు బిడ్డలు 3.5 కిలోలు. అంత తేడా ఉన్నా మన బిడ్డలకు తగ్గినది కండ, కొవ్వు అంతగా తగ్గలేదు. సన్నంగా కనిపించే లావు అన్నమాట. కడుపులో పస్తున్న బిడ్డ పుట్టాక తిండి దొరికితే దాన్ని దాచుకోవటమే నేర్చుకుంటుంది. రేపు పెద్దయ్యాక సుగరు, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. అంటే పల్లెలో కడుపు మాడ్చుకున్న పిల్ల బిడ్డా, విజయనగరంలో సుగరుతో మోసిన తల్లి బిడ్డా, ఇద్దరూ వేరు వేరు దారుల్లో నడిచి ఒకే గుమ్మం ముందుకు వస్తారు. అందుకే ఆ రెండు ఉత్తరాలూ ఒకే ప్రశ్న అన్నాను.

ఇక పురుడు. ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. నా తొలికాన్పు వేసవిలో మా పుట్టింట్లో అయింది. నాగావళి ఇంటికి నాలుగడుగుల దూరం. అయినా నాకు గుక్కెడు నీళ్ళు లేవు! పూటకు చిన్నగ్లాసుడు వేణ్ణీళ్ళు కొలిచి పోసేవారు. బాలింతకు నీళ్ళిస్తే ఒళ్ళు నీరుపడుతుందని. అన్నం, నెయ్యి, కారప్పొడి తప్ప మరొకటి లేదు. నాలుగోరోజుకు ఒంటికి వెళ్ళాలంటే మంట, రాత్రికి చలిజ్వరం. మా ఊరి డాక్టరుగారు వచ్చి, మందు వ్రాసి, మా అమ్మతో “అమ్మా, ఈ పిల్ల రోజూ పాలరూపంలో లోటాడు నీళ్ళు బిడ్డకిస్తోంది. మీరు పోసేది చిన్నగ్లాసుడు. ఆ లోటు ఎక్కణ్ణుంచి తెచ్చి పూడ్చాలి?” అన్నారు. మా అమ్మ ఏడ్చింది. ఆవిడకు వాళ్ళమ్మ అలాగే చేసింది. తెలియక చేసినదానికి ఎవరిని అనగలం?

పథ్యమంతా తప్పని నేననను. మూడోనెల దాకా పుట్టింట్లో ఉంచటం, నూనెరాచి వేణ్ణీళ్ళు పోయటం, వేడివేడిగా వండి పెట్టటం, వెల్లుల్లి, మిరియం, శొంఠి, బిడ్డను ఎత్తుకునేందుకు ఇంకో రెండు చేతులు. ఇవన్నీ బంగారం లాంటివి. సముద్రపుటొడ్డున బాలింతకు పాలసొర వండిపెడతారు. మంచి మాంసకృత్తులున్న చేప అది. పొరపాటల్లా నీళ్ళు ఆపటం, పప్పూ కూరలూ పళ్ళూ ఆపటం, నలభై రోజులు మంచం దిగనివ్వకపోవటం. కదలకుండా పడుకున్న బాలింతకు కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే భయం ఎక్కువ. ఆపరేషనయినవాళ్ళనైనా ఒక రోజు తిరగకుండానే డాక్టర్లు లేపి నడిపిస్తారు, అందుకే. తలుపులన్నీ మూసిన గదిలో కుంపటి పెట్టటం కూడా మానాలి. ఆ పొగ తల్లికీ బిడ్డకూ విషం.

ఈ నలభై రోజుల కట్టు మన ఒక్కరి సొత్తే అనుకోకండి. మెక్సికోలోనూ, అక్కణ్ణుంచి అమెరికా వలసపోయిన కుటుంబాల్లోనూ బాలింతను నలభై రోజులు ఇంట్లో ఉంచుతారు. వాళ్ళ స్పానిషు భాషలో దాన్ని “క్వారెంతేనా” అంటారు. నలభై అని అర్థం. చలిగాలి తగలకూడదు, వేడివేడి కోడిపులుసు తాగాలి, నడుముకు బట్ట చుట్టాలి. మన అమ్మమ్మే అక్కడికి వెళ్ళి నేర్పినట్టుంటుంది! “ఇద్దరి తిండి” మాట వాళ్ళకూ ఉంది. అమెరికాలో గర్భంనాటి సుగరు వాళ్ళలోనూ, మన ఆసియా ఖండపు స్త్రీలలోనూ తెల్లవాళ్ళకన్నా ఎక్కువ. అక్కడ వాళ్ళ బస్తీల్లో “ప్రొమోతోరా” అనే పనివారున్నారు. తమలోని స్త్రీయే, తమ భాషలోనే, ఇంటికి వచ్చి ఆరోగ్యపు మాటలు చెబుతుంది. మన ఆశ కార్యకర్త వంటిదే. ఆమె ఇంటికే వస్తుంది కాబట్టి ఆ మాట పిల్లతో పాటు వాళ్ళమ్మ చెవినీ, అత్త చెవినీ పడుతుంది. పొయ్యి ఎవరి చేతిలో ఉందో వాళ్ళతోనే కదా మాట్లాడాలి!

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. తొమ్మిది నెలలూ తల్లిని నెలనెలా తూచాం. బిడ్డ పుట్టిన మరుక్షణం త్రాసులోంచి తల్లిని దింపి బిడ్డను ఎక్కించాం. ఆ తర్వాత ఆమెను ఎవరూ తూచరు. బిడ్డకు టీకా ఏ రోజో ఇంటిల్లిపాదికీ తెలుసు. తల్లికి ఆరోవారంలో పరీక్ష ఉందని ఎందరికి తెలుసు? గర్భంనాటి సుగరు కాన్పుతో పోయినట్టే ఉంటుంది. కాని అది వచ్చిన స్త్రీకి తరువాతి జీవితంలో అసలు మధుమేహం వచ్చే అవకాశం రానివాళ్ళకన్నా ఏడు నుంచి పది రెట్లు. అంచేత కాన్పయిన ఆరువారాలకు మళ్ళీ గ్లూకోజు తాగి పరీక్ష చేయించుకోవాలి. అది బాగుంటే ఆపైన ఏడాదికొకసారి చూయించుకోవాలి.

విజయనగరం సోదరికి పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగబుద్ధికాక, “వేళాకోళాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ వారమే రక్తపరీక్ష చేయించుకో అమ్మాయ్” అని విడిగా కార్డు వ్రాశాను. నిన్న జవాబు వచ్చింది. రెండు గంటల తర్వాత తీసిన రక్తంలో 168 ఉందట. 200 అయితే మధుమేహం, 140 లోపలయితే ఏమీ లేనట్టు. ఆమె గట్టుమీద నిలబడి ఉంది. “ఇంకా ఏడాది ఆగి వస్తే మందులు వ్రాయవలసి వచ్చేది, ఇప్పుడు నడకతో, తిండితో వెనక్కి లాగవచ్చు” అన్నారట డాక్టరుగారు. ఉత్తరం చివర ఆమె వ్రాసిన మాట నన్ను కలతపెట్టింది: “పది నెలల్లో నన్ను ‘నీ ఒంట్లో ఎలా ఉంది’ అని అడిగింది మీరొక్కరే.”

ఆ మాట ఇంట్లో ఉన్న అందరూ చదవాలి.

అమ్మాయ్, నీ ప్రశ్నకు జవాబు ఇది. తిండి మానకు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరునెలలూ రోజుకు 600 కేలరీలు అదనంగా ఖర్చు, ఆ తర్వాత కూడా అయిదువందల పైన. ఆ ఖర్చులో కొంత నీ ఒంట్లో నిలవ ఉన్న కొవ్వులోంచే పోనీ. అంటే పప్పు, కూర, పాలు, గుడ్డు తగ్గించకుండా నెయ్యీ చక్కెరా వేపుళ్ళూ రెండోసారి అన్నమూ తగ్గించు. వారానికి అరకిలో చొప్పున తగ్గితే పాలకు లోటు రాదు. అంతకన్నా తొందరపడకు. తొమ్మిది నెలల్లో ఎక్కినది తొమ్మిది నెలల్లో దిగితే చాలదూ? రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదురోజులు చురుగ్గా నడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు గర్భిణులకూ, బాలింతలకూ కూడా వారానికి 150 నిమిషాల శ్రమ మంచిదని 2020లో చెప్పారు. ఒక్కసారి కుదరకపోతే పొద్దున పది, సాయంత్రం ఇరవై. విజయనగరంలో పెద్దచెరువు గట్టుంది, కోటచుట్టూ దారి ఉంది. బాబుని మీ వారికి అప్పగించి వెళ్ళు. ఆడబడుచును తోడు రమ్మను, వేళాకోళం ఆగిపోతుంది. అయితే నడుస్తుండగా రక్తస్రావమో, గుండెలో నొప్పో, తలతిరుగుడో ఉంటే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

పంతులమ్మగారూ, మీరు ఆ అత్తగారితో వాదించకండి. “నీ మనవడు రెండున్నర కిలోలకు తక్కువ పుడితే వాడికి జ్వరం వచ్చినా తట్టుకోలేడు, కోడలికి రక్తం లేకపోతే కాన్పులో నీ కోడలే దక్కదు” అని మెల్లిగా చెప్పండి. వీలయితే వచ్చే 9వ తేదీన అత్తాకోడళ్ళిద్దరినీ కలిపి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కడుపు ఎంత ఎత్తుందో, బిడ్డ ఎంత ఎదిగిందో డాక్టరమ్మ నోట ఆమె వినాలి. ఈ రోజుల్లో బిడ్డ అడ్డం తిరిగితే చూసుకునే ఆస్పత్రి ఉందని, పిలిస్తే వచ్చే బండి ఉందని ఆమెకు తెలిస్తే సగం భయం పోతుంది. 2013లో అమృతహస్తం పేరుతో అంగన్‌వాడీల్లో గర్భిణులకు భోజనం, గుడ్డు, పాలు పెట్టటం మొదలైంది. తరువాత పేర్లూ పద్ధతులూ మారుతూ వచ్చాయి. పేరేదైనా ఆ గుడ్డూ పాలూ ఆ పిల్లవే. ఇంటికొచ్చి నలుగురికీ పంచుకునేందుకు కాదు. ఏడోనెల కాబట్టి ఇంకా రెండు నెలలుంది. రెండు నెలల్లో చెయ్యగలిగింది చాలా ఉంది. బిడ్డ పుట్టగానే ఎన్ని కిలోలో నాకు వ్రాయండి. తల్లి ఎన్ని కిలోలుందో కూడా వ్రాయండి.

చివరగా ఒక వంటకం. కడుపుతో ఉన్నవాళ్ళకూ, బాలింతలకూ, సుగరున్న మామగారికీ కూడా పనికివచ్చేది.

చోడి మునగాకు రొట్టె: రెండు కప్పుల చోడిపిండిలో కప్పున్నర కడిగి సన్నగా తరిగిన మునగాకు, ఒక ఉల్లిపాయ ముక్కలు, రెండు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర, రెండు చెంచాల నువ్వులు, సరిపడ ఉప్పు వేసి కలపండి. గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోసి మెత్తని ముద్ద చేయండి. పావుగంట నాననిచ్చి, తడి బట్టమీద గాని అరిటాకుమీద గాని పలచగా తట్టి, పెనంమీద చెంచాడు నూనెతో రెండువైపులా ఎర్రగా కాల్చండి. పెరుగుతో గాని, కందిపచ్చడితో గాని తినండి. రెండు రొట్టెలూ ఒక కప్పు పెరుగూ అయితే ఒక పూట భోజనమే.

వచ్చేవారం బిడ్డ ఆరోనెల తిండి గురించి ముచ్చటించుకుందాం. ఈలోగా ఈ పేజీ చదివిన మగవారికి ఒక మనవి. మీ ఇంట్లో బాలింత ఉంటే ఇవాళ రాత్రి బిడ్డను ముద్దుచేసే ముందు ఆవిడను “నీ ఒంట్లో ఎలా ఉంది?” అని అడగండి. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.